నాలుగో దెబ్బ

లోపల ఫాదర్ ఇంకా ముగించలేదు. ముగించకేం, ఎప్పటికో ఒకప్పటికి ముగిస్తాడు, తలుపులు తెరుచుకుంటాయి, శవపెట్టె బయటికి వస్తుంది, ఇక అప్పుడు వాయించాలి. మెడలో పట్టీ వేసుకుని చర్చి మెట్ల కింద నిలబడ్డ మనిషి, నాకు ఒంట్లో బాగాలేదు, ఇంటికి పోయి పడుకుంటానంటే చెల్లదు. రేలి పట్టీని ఒక భుజం మీద నుంచి ఇంకో భుజం మీదికి మార్చుకుంది. డ్రమ్ము ఎప్పుడూ ఉండే బరువే ఉంది. నల్లకోటు వీపుకి అతుక్కుపోయింది, టోపీ కింద చెమట చెవుల వెనక నుంచి జారి కాలర్లోకి పోతోంది, అక్టోబరు వచ్చినా న్యూ ఆర్లియన్స్ ఎండకి సిగ్గు లేదు. వీధి నిండా జనం. చర్చిలోకి పోయినవాళ్ల కంటే పోనివాళ్లే ఎక్కువ. గొడుగులు ముడిచి చంకలో పెట్టుకుని, చల్లటి సీసాలు చేత్తో పట్టుకుని, గోడల నీడన వరసగా నిలబడి ఆమె చేతుల వంక చూస్తున్నారు. ముఖం వంక కాదు, చేతుల వంక. ఆ చేతుల్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక ఆమె కర్రలు రెండూ చంకలో ఇరికించి, మళ్లీ తీసి, నడుము పట్టీలో దోపుకుంది. ఇగ్నేస్ డుప్లాంటియర్ పోయాడు. ఈ ఊళ్లో డ్రమ్ము మెడకి తగిలించుకున్న ప్రతివాడికీ ఆయనే గురువు, ఎదురుగా కూర్చుని నేర్చుకున్నవాళ్లకీ, గోడ అవతల నుంచి విని దొంగిలించినవాళ్లకీ. అంతమందిలో ఆయన చివరి ఊరేగింపుకి వాయించే పని రేలి మీద పడింది.

రుమాలు ఉందా? ఉంది. కోటు జేబు తడిమి చూసుకుంది, ఊరుకోక ఇంకోసారి చూసుకుంది. నీలం అంచు తెల్ల రుమాలు, ఆయనదే, పొద్దున ఆయన భార్య ఎర్నస్టీన్ వంటింట్లో నిలబడి గంజి పెట్టి ఇస్త్రీ చేసి ఇచ్చింది. రేలిని జ్ఞానస్నానం రోజున తొట్టి దగ్గర ఎత్తుకుని నిలబడింది ఆ దంపతులే, అందుకే పుట్టి మాటలొచ్చినప్పటి నుంచీ ఆయన పరాన్, ఆవిడ నానాన్, జ్ఞానతండ్రీ జ్ఞానతల్లీ. పొయ్యి మీద ఏమీ లేదు. సోమవారమై ఉండి కూడా ఆ ఇంట్లో ఎర్ర చిక్కుడు గింజలు ఉడకని రోజు రేలి చూడ్డం ఇదే మొదలు. నానాన్ ఏడవలేదు. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, రుమాలు నాలుగు మడతలు పెట్టి, ఆమె చేతిలో పెట్టి ఆ చేతిని వదల్లేదు. నేను పెట్టెతో పాటు శ్మశానం దాకా పోనే, కొడుకులు పోతారు, నేను వీధిలోనే నిలబడి వింటాను, అంది. తర్వాత ఇంకో మాట అంది. "ఒక్కసారి ఆయన్ని నాకు వినిపించవే తల్లీ. అచ్చం ఆయనలాగే. ఇంకేమీ అడగను నిన్ను." సరే నానాన్, అంది రేలి. అనకేం చేస్తుంది? కానీ ఆగస్టులో, ఆ వంటింటి గోడకి అవతల పక్క గదిలో, ఫ్యాను కింద, పరుపుకీ మనిషికీ తేడా తెలియనంతగా చిక్కిపోయిన పరాన్ కూడా ఒకటి అడిగాడు. దానికీ సరే అంది. నన్ను సాగనంపే రోజున నా నాలుగో దెబ్బ నువ్వు కొట్టకు, అన్నాడాయన. ఆమెకి మొదట అర్థం కాలేదు, మందు మత్తులో అంటున్నాడనుకుంది. మరేం కొట్టను పరాన్ అంటే, కళ్లు తెరిచి, పాత రోజుల్లో తప్పు వాయించినప్పుడు చూసే చూపు చూశాడు. "అది నన్నడుగుతావేం? నీ కాళ్లు రెండూ బాగానే ఉన్నాయి కదా. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, ఎందుకే నువ్వు కుంటుతావు?"

అదీ సంగతి. ఒకరికి ఇచ్చిన మాట నిలబెడితే ఇంకొకరిది పోతుంది. చచ్చిపోయినాయన మాట నిలబెట్టి బతికున్నావిడ గుండె కోయాలా, బతికున్నావిడ కోసం చచ్చిపోయినాయన్ని మోసం చేయాలా? చెప్పేయవలసింది. పొద్దున్నే నానాన్‌కి చెప్పేయవలసింది, పరాన్ ఇలా అన్నాడు అని. ఆ ఇస్త్రీ చేసే చేతుల్ని చూశాక నోరు పెగల్లేదు. అసలు సంగతి అది కూడా కాదు, ఇంకోటుంది. ఆ దెబ్బ తీసేస్తే తన దగ్గర ఇంకేముంది? తొమ్మిదో ఏట ఆ ఇంటి ముందు మెట్టు మీద, వంటింటి కుర్చీ తిరగేసి దాని మీద వాయించడం మొదలుపెట్టింది మొదలు ఆ చేతులు ఆయన చేతులే. బడి పిల్లల బస్సు నడుపుతూ స్టీరింగు మీద వేళ్లు కొట్టుకున్నా ఆయన దెబ్బే పడుతుంది. వెనక సీట్లోంచి పిల్లలు అదే దెబ్బ సీటు మీద కొట్టి తిరిగిస్తారు, వాళ్లకి ఇగ్నేస్ ఎవరో కూడా తెలియదు. రేలి రోశాన్ బాగా వాయిస్తుందని అందరూ అంటారు, అచ్చం ముసలాయనలా వాయిస్తుందని అంటారు, ఆ రెండూ ఒకే వాక్యంలో అంటారు. ఆ వాక్యంలోంచి ముసలాయన్ని తీసేసి చూసే ధైర్యం ఆమెకి ఎన్నడూ లేదు.

దెబ్బ చూడబోతే ఏముంది. నడకకి నాలుగు అడుగులు, ఎడమ, కుడి, ఎడమ, కుడి, నాలుగో అడుగు మీద పెద్ద దెబ్బ. ఏ ఊరి బ్యాండైనా అడుగుతో పాటే ఆ దెబ్బ వేస్తుంది. ఈ ఊళ్లో మాత్రం అది రావలసిన చోటికి రాదు, ఒక్క రవ్వ ఆగుతుంది, ఇక రాదేమో అనుకునేసరికి వస్తుంది, అప్పుడు నిలబడ్డవాడి నడుము వాడినడక్కుండా కదులుతుంది. దీన్ని గురించి పెద్ద పెద్ద చదువులవాళ్లు ఆఫ్రికా అన్నారు, హైతీ అన్నారు, ఏవేవో అన్నారు. కారణం సున్నం పని. ఇగ్నేస్ కుర్రతనంలో పగలంతా గోడలకి సున్నం పూసేవాడు, పొద్దుపోయాక మరే స్ట్రీట్ సెవెన్‌లో వాయించేవాడు, ఆ రోజుల్లో ఆ బ్యాండు లేనిదే ఈ పేటలో డాన్సు లేదు, చావు లేదు. ఒకరోజు ఎక్కి నిలబడ్డ సారువ కట్టు తెగి ఇటుకల మీద పడ్డాడు. కుడి మోకాలు వంకరగా అతుక్కుంది. నెలల తర్వాత మళ్లీ వీధిలోకి వచ్చి నడుస్తూ వాయిస్తే, కుడికాలు ఆలస్యంగా పడుతోంది, కాలు పడందే కర్ర పడటం ఆయనకి చేతకాదు, కర్రా ఆలస్యమే. రెండో అడుగు దగ్గర దెబ్బ చిన్నది కాబట్టి గుట్టుగా పోయేది, నాలుగోది పెద్దది, దాచడం కుదిరేది కాదు. ముందు కార్నెట్ ఊదుతూ నడుస్తున్న ఓగస్ట్ పెల్రాన్ వెనక్కి తిరిగి, ఏమయ్యా, నీకంటే శవమే ముందు చేరేట్టుంది, అన్నాడట. వచ్చే ఆదివారానికి ఇంకొకణ్ని చూసుకోవాలనుకున్నాడట కూడా. అప్పుడే పక్కన చేపలమ్ముకునే ఒక లావుపాటావిడ నెత్తి మీది గంప దించి కింద పెట్టి నాట్యం మొదలెట్టింది. ఓగస్ట్ ఆవిణ్ని చూశాడు, ఇగ్నేస్ కాలు చూశాడు, ఇంకేం మాట్లాడలేదు. అలా ఆయన ఉద్యోగం నిలబడింది. ఏడాది తిరిగేసరికి ఊళ్లో రెండు కాళ్లూ శుభ్రంగా ఉన్న డ్రమ్మర్లంతా కుంటడం మొదలెట్టారు.

లోపల ఆర్గన్ మొదలైంది. ఆగిపోయింది. ఇంకా లేదు. నోరు పిడచగట్టుకుపోతోంది, నీళ్లు తాగితే మధ్యలో ఇబ్బంది, తాగకపోతే ఇప్పుడే ఇబ్బంది. సెవెన్ వాళ్లు ఒకే ఒక్క రికార్డు ఇచ్చారు, డాన్సు హాల్లోనే, అప్పటికి ఆయన కూర్చుని వాయించినా దెబ్బ కుంటేది, కాలి జబ్బు చేతికి వచ్చేసింది మరి. ఆ రికార్డు ఎక్కడెక్కడికి పోయిందో. ఒకాయన జపాన్ నుంచి వచ్చాడు, చిన్న మనిషి, చాలా మర్యాదస్తుడు, బూట్లు వాకిట్లో విప్పి వచ్చి సోఫా అంచున కూర్చున్నాడు. ఆ నాలుగో దెబ్బ సరిగ్గా ఎంత ఆలస్యం అని అడిగాడు, తన జీవితమంతా దాని కోసమే కొలుస్తున్నానన్నాడు. పరాన్ చాలాసేపు ఆలోచించినట్టు నటించి, ప్యాంటు పైకి లాగి, మోకాలు చూపించి, "దీన్నడుగు నాయనా. వాన పడే రోజైతే ఇంకాస్త ఆలస్యం" అన్నాడు. జపాన్ ఆయన లేచి ఆ మోకాలికి వంగి దణ్నం పెట్టాడు. నానాన్ నవ్వాపుకోలేక వంటింట్లోకి పరిగెత్తింది. రేలికి అప్పుడు పన్నెండేళ్లు, ఆమె కూడా నవ్వింది, నవ్వుతూనే తన కుడి మోకాలి మీద చెయ్యి వేసుకుని తడుముకుంది, అది గుండ్రంగా నున్నగా ఉన్నందుకు ఎందుకో సిగ్గుపడింది. ఆ సిగ్గు ఇప్పటికీ ఉందా? ఉంది కాబోలు. ఊరేగింపుల్లో నడిచేటప్పుడు తను కుడికాలు ఈడుస్తుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు, ఆగస్టులో ఆయన చెప్పేదాకా.

పక్కనే వెండెల్ పెద్ద డ్రమ్ము పొట్ట మీద ఆనించుకుని పిప్పరమెంటు చప్పరిస్తున్నాడు. మనిషి పీపాలా ఉంటాడు, పరాన్ పక్కన ఇరవై ఏళ్లు నడిచాడు, తర్వాత ఈమె పక్కన నడుస్తున్నాడు. "ఏం రెడ్ లైట్, ముఖం అలా పాలిపోయిందేం?" అన్నాడు ఆమె వంక చూడకుండానే. ఆ పేరు ఇవాళ పిలవకపోతే బాగుండేది. పిలిచాడు. మర్చిపోదామన్నా పేటలో ఎవరూ మర్చిపోనివ్వరు. మంగలి క్లియోఫస్ పోయినప్పుడు సంగతి. శవం వెంట నడిచేంతసేపూ డ్రమ్ము గొంతు నొక్కి ఉంచాలి, అడుగున తీగలకీ తోలుకీ మధ్య రుమాలు దోపి, బొంగురుగా, మట్టి మీద మట్టి పడ్డట్టు వాయించాలి. శవాన్ని మోసే బండి బ్యాండుని దాటి తన దారిన శ్మశానానికి వెళ్లిపోయే చోటొకటి వస్తుంది, కట్టు తెంపడం అంటారు దాన్ని, ముందు నడిచే గ్రాండ్ మార్షల్ గుండె మీద ఆనించుకున్న టోపీ తీసి తలకి పెట్టుకుంటాడు, అప్పుడు డ్రమ్మరు రుమాలు లాగేసి గట్టిగా మోగిస్తే పోయినవాడికి విడుదల, ఉన్నవాళ్లకి ఆట. రుమాలు లాగేది డ్రమ్మరే, లాగాక వెనక్కి తీసుకోవడం ఉండదు. ఆ రోజు బండి ఆగింది. కట్టు తెగిందనుకుని ఆమె రుమాలు లాగింది, మోగించింది, జనం ఎగిరారు, గొడుగులు విచ్చుకున్నాయి, ఒకడు కారెక్కి మరీ ఆడాడు. బండి ఆగింది ఎర్ర దీపం పడి. పచ్చ దీపం పడ్డాక క్లియోఫస్ మళ్లీ అందరి మధ్య నుంచీ మెల్లగా కదిలాడు, పెద్దకొడుకు నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు, మార్షల్ ఎల్మో గుండె మీద టోపీతో రాయిలా నిలబడిపోయాడు. వీధి చివరిదాకా నిశ్శబ్దం. పరాన్ ఒక్కడే తర్వాత ఏదో ఒకటి అన్నాడు, పోన్లేవే, క్లియోఫస్ కూడా మనల్ని గడ్డం సగమే గీసి కుర్చీలోంచి లేపేవాడు కదా అని. నవ్వించాడు. కానీ ఆ నిశ్శబ్దం ఇంకా ఆమె చెవుల్లోనే ఉంది. ఇవాళ దారి కూడా అదే దారి, దీపం కూడా అదే.

వెండెల్‌కి చెప్పాలా? చెప్పకపోతే ఆమె ఆపినా అతని పెద్ద దెబ్బ పడుతుంది. చెబితే ఒప్పుకోడు. మోచేయి ఎత్తితే ఆపాలి అన్నది వాళ్లిద్దరి మధ్య పాత సైగ, పరాన్ పెట్టిందే, ఎడమ మోచేయి పైకి లేస్తే పెద్ద డ్రమ్ము గాల్లోనే ఆగాలి. గొంతు సవరించుకుని, ఇవాళ నా మోచేయి చూస్తుండు, అంది. అతను పిప్పరమెంటు ఒక దవడ నుంచి ఇంకో దవడకి మార్చాడు. ఎందుకు, ఎక్కడ ఎత్తుతావు, అన్నాడు. తెలియదంది. తెలియకపోవడమేంటి అన్నాడు. నాలుగో దెబ్బ దగ్గర కావచ్చు అంది. వెండెల్ మొదటిసారి ఆమె వైపు తిరిగి చూశాడు. "పిచ్చా నీకు? వీళ్లంతా ఇక్కడికి ఫాదర్ ప్రసంగం వినడానికొచ్చారనుకున్నావా? ఆ దెబ్బ లేకపోతే మనల్ని ఆ పెట్టెలోనే పెట్టి పంపిస్తారు." ఆమె నడుము పట్టీలోంచి కర్రలు తీసుకుంది. అతను చెప్పింది నిజమే.

తలుపులు తెరుచుకున్నాయి.

రుమాలు తీసి డ్రమ్ము అడుగున దోపింది. గంజి పెట్టిన గుడ్డ, దోపుతుంటే కరకరలాడింది, లోపలికి పోయాక మెత్తబడింది. పెట్టె మెట్లు దిగుతోంది, ఆరుగురి భుజాల మీద, కొడుకులిద్దరూ ముందు. దాని మీద ఆయన టోపీ, కర్రలు రెండు. దాన్ని అద్దాల బండిలోకి ఎక్కించారు. ఎల్మో సింగిల్టన్ వీధి మధ్యకి వచ్చి నిలబడ్డాడు, డెబ్బై ఏళ్ల మనిషి, పలచటి వెదురులా ఉంటాడు, భుజం మీద నుంచి అడ్డంగా పట్టుచీర లాంటి పట్టీ, టోపీ తీసి గుండె మీద పెట్టుకున్నాడు. అడుగు వేశాడు. ఇక మొదలు. దప్, అంది డ్రమ్ము. గొంతు పూడుకుపోయిన మనిషి పిలిచినట్టు. ట్రంపెట్లు పాత స్తోత్రం ఎత్తుకున్నాయి, చాలా మెల్లగా, ఒక్కో స్వరం దించి పెట్టి ఇంకోటి ఎత్తుతున్నట్టు. ఎడమ, ఆగు, కుడి, ఆగు. బతికున్నవాళ్లకి ఇంత మెల్లగా నడవడం ఎంత కష్టమో. ఈ నడకలో నాలుగో దెబ్బ బాధ లేదు, ఇందులో అన్ని దెబ్బలూ ఆలస్యమే, శోకం దానంతటదే కుంటుతుంది. ఇలాగే సాగిపోతే బాగుండు, కట్టు తెంపే ఆ వంతెన ఎప్పటికీ రాకుండా ఉంటే బాగుండు. వెనక నానాన్ నడుస్తోంది, కారెక్కమంటే ఎక్కలేదు, తెల్ల దుస్తులు వేసుకుంది, నల్లవి ఆయనకి నచ్చవని. ఆమె చెప్పుల చప్పుడు రేలి వింటోంది, ఇన్ని చప్పుళ్లలో ఆ రెండు చెప్పుల చప్పుడే వినబడుతోంది, అచ్చం ఆయనలాగే, అచ్చం ఆయనలాగే, అని అడుగుతున్నట్టు.

ఆవిడకి ఆయన ఎప్పుడైనా వేళకి దొరికాడా? పెళ్లికే ఆలస్యంగా వచ్చాడట. చర్చిలో అందరూ కూర్చుని, మా నాన్న తుపాకీ కోసం మనిషిని పంపబోతుంటే వచ్చాడే, అని నానాన్ వంద సార్లు చెప్పింది. సోమవారం గింజలు గిన్నెకి అడుగంటిపోయేదాకా రాడు. పిల్లాడు పుట్టాక వచ్చాడు ఆసుపత్రికి, రెండో పిల్లాడు పుట్టాక కూడా. వచ్చి గుమ్మంలో నిలబడి, నేనెప్పుడైనా రాకుండా ఉన్నానా ఎర్నస్టీన్, అనేవాడు. ఆవిడ గరిటె ఎత్తేది. గరిటె ఎత్తిన చేత్తోనే వడ్డించేది. ఆవిడకి కావలసింది దెబ్బ కాదు, ఆ గుమ్మంలోని అడుగు. అది ఎవరిస్తారు, రేలి ఇవ్వగలదా? అచ్చం ఆయనలా కొట్టినా అది రేలి చెయ్యే కదా. ముసలాయన లేడని, ఆయన దెబ్బ కొట్టడానికి ఇంకో చెయ్యి అరువు తెచ్చుకున్నారని తెలిసిపోదా. కొట్టకపోతే? అక్కడ గొయ్యిలాంటి ఖాళీ. నలుగురి ముందూ ఆవిడ ఆ ఖాళీలోకి చూస్తుంది. అబ్బా, పరాన్, ఏం చిక్కులో పెట్టావు నన్ను, చచ్చిపోయి హాయిగా పడుకున్నావు.

మలుపు తిరిగారు. దీపం కనబడుతోంది, పచ్చగా. పచ్చగానే ఉండు, పచ్చగానే ఉండు. పసుపు. ఎరుపు. బండి ఆగింది.

వీధంతా ఆగింది. గోడల పక్కన జనం ఊపిరి బిగబట్టారు, కొన్ని గొడుగుల బొత్తాల మీద బొటనవేళ్లు పడ్డాయి, ఎవరో వెనక నుంచి చిన్నగా నవ్వారు, అందరికీ గుర్తుంది. ఎడమ చెయ్యి దానంతటదే డ్రమ్ము అడుగుకి పోయింది, రుమాలు చివర వేళ్లకి తగిలింది. లాగు, అంటోంది చెయ్యి. ఎందుకంటోంది? భయానికి అంటోంది, త్వరగా అయిపోతే చాలని అంటోంది, ఆ రోజు కూడా తొందర కాదు, భయమే. రేలి ఎల్మో వీపు చూసింది. అతని మోచేయి ముడిచే ఉంది, టోపీ గుండె మీదే ఉంది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని దప్ అని ఒక దెబ్బ వేసింది, ఇంకోటి వేసింది, కదలకుండా నిలబడ్డ చోటే నడక దరువు సాగించింది. వెండెల్ ముక్కుతో ఊపిరి వదిలాడు. దీపం పచ్చబడింది. బండి కదిలింది.

వంతెన. మీద పెద్ద రహదారి, కార్లు అతుకుల మీద నుంచి పోతుంటే గుప్ గుప్ మంటోంది. దాని కింద ఒకప్పుడు సింధూరపు చెట్లు రెండు వరసలుండేవని, వాటి నీడలోనే పండగలు జరిగేవని పరాన్ చెప్పేవాడు, రోడ్డు వేయడానికి వాటిని నరికిన రోజు సెవెన్ వాళ్లు మొద్దుల చుట్టూ నడిచి వాయించారట. చెట్లు పోయాక కాంక్రీటు స్తంభాలు మిగిలాయి, పేటవాళ్లు వదల్లేదు, ఇప్పటికీ అక్కడికే వస్తారు, ఆ కప్పు కింద ఏం వాయించినా నాలుగింతలై తిరిగొస్తుంది. బ్యాండు రెండుగా చీలి ఇటొక వరస, అటొక వరస నిలబడింది. బండి మధ్య నుంచి వచ్చింది. అద్దం వెనక పెట్టె, టోపీ, కర్రలు. రేలికి చెయ్యి చాపితే అందేంత దగ్గరగా పోయింది, ఆమె చాపలేదు. స్తోత్రం చివరి స్వరం దగ్గర ట్రంపెట్లు ఆగాయి. బండి స్తంభాల అవతలి ఎండలోకి పోయింది, కొంచెం దూరం కనబడింది, మలుపు తిరిగింది. నానాన్ పక్క స్తంభాన్ని ఒక చేత్తో పట్టుకుని నిలబడింది, కళ్లు మూసుకుంది, వినడానికి సిద్ధమైన మనిషి మూసుకున్నట్టు. ఎల్మో నిదానంగా, చాలా నిదానంగా, టోపీ ఎత్తి తలకి పెట్టుకున్నాడు.

లాగింది. రుమాలు తెల్లగా బయటికొచ్చింది, దాన్ని పళ్ల మధ్య పట్టుకుంది, గంజి రుచి, ఇస్త్రీ వాసన, కర్రలు రెండూ తోలు మీద పడ్డాయి, తీగలు బుసకొట్టాయి, కప్పు ఆ మోతని పట్టుకుని మళ్లీ కిందికి విసిరింది. ట్రంపెట్లు లేచాయి. గొడుగులు విచ్చుకున్నాయి. ఒకటి. వెండెల్ కళ్లు ఆమె మీదే ఉన్నాయి. రెండు. ఏం చేస్తావే రేలి. మూడు. అచ్చం ఆయనలాగే, ఎందుకే కుంటుతావు, అచ్చం ఆయనలాగే. కుడి చెయ్యి అలవాటు కొద్దీ ఆలస్యానికి సిద్ధమై ఆగింది, వచ్చే ఆ దెబ్బని ఆమె భుజం దాకా రానిచ్చి, అక్కడ పట్టుకుంది. ఎడమ మోచేయి లేచింది. వెండెల్ గుబ్బకర్ర గాల్లో నిలిచిపోయింది. ట్రంపెట్ల వాళ్లు ఊపిరి తీసుకుంటున్నారు. ఖాళీ. క్లియోఫస్ రోజు నాటి నిశ్శబ్దం, అదే, నోరు తెరుచుకుని వచ్చింది, ఆమె అందులోకి పడిపోతోంది, తప్పు చేశాను, నానాన్, తప్పు చేశాను.

ధన్ మంది నేల.

ఆమె కొట్టలేదు. వెండెల్ కొట్టలేదు. వీధిలో ఉన్న అన్ని కుడికాళ్లూ, బూట్లవీ, చెప్పులవీ, ఎత్తు మడమల జోళ్లవీ, ఒక్క రవ్వ ఆలస్యంగా, ఇక రాదేమో అనుకున్న చోట, కలిసి నేల మీద పడ్డాయి. కప్పు దాన్ని నాలుగింతలు చేసి తిరిగిచ్చింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అనుకోలేదు, వాళ్లకి ఇంకోలా నడవడం రాదు, అంతే. మళ్లీ ఒకటి, రెండు, మూడు, ఆమె మోచేయి ఎత్తింది, మళ్లీ ధన్. ఇన్ని వందల మంచి మోకాళ్లలో ఆ ఒక్క వంకర మోకాలు. మూడోసారి ఆమె మోచేయి ఎత్తి ఊరుకోలేదు. జనం కాలు పడ్డాక, దాని తోకన, కర్రల చివరలతో ఏదో చిన్నది వేసింది, ఎండిన గింజలు గిన్నెలో పోసినట్టుగా, ఎవరి దగ్గరా నేర్చుకోనిది. వేశాక గానీ వేశానని తెలియలేదు. వెండెల్ పిప్పరమెంటు ఉమ్మేసి, ఇంకోసారి వెయ్యి, అని అరిచాడు. వేసింది. కింద చూసుకుంది. తన కాళ్లు రెండూ తిన్నగా పడుతున్నాయి.

అప్పుడు నానాన్ వైపు చూసే ధైర్యం వచ్చింది. ఆవిడ స్తంభాన్ని వదిలేసింది. తెల్ల గౌను ఒక చేత్తో కాస్త ఎత్తి పట్టుకుని, డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, ఏ రోగమూ లేని రెండు కాళ్ల మీద నడిచి వస్తోంది, ఎడమ, కుడి, ఎడమ, కుడికాలు ఈడ్చి, ధన్. ముఖం అంతా తడిగా ఉంది. రేలి దగ్గరికి వచ్చి, ఆమె పళ్ల మధ్య నుంచి రుమాలు లాక్కుని, ఆ ముఖాన్ని గట్టిగా తుడుచుకుంది.

"చూశావా," అంది, చుట్టూ ఆడుతున్న కాళ్లని గడ్డంతో చూపిస్తూ, సోమవారపు గుమ్మంలో గరిటె పట్టుకుని ఏ గొంతుతో అనేదో ఆ గొంతుతో. "ఇవాళ కూడా ఆలస్యంగానే వచ్చాడు."